సుంకమ్మ ఎక్కిన బండి

నలభై ఏళ్లకు పైగా తిరుపతమ్మ తన తల్లిని నీళ్లలోనే తలుచుకుంటూ వచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద కొండరేవుల మునిగిన ఏడాది సుంకమ్మ కూడా ఆ ఊరితోపాటే మునిగిపోయిందని తండ్రి పుల్లయ్య చెప్పాడు, ఊరంతా చెప్పింది, ఆమె నమ్మింది. మొన్న తండ్రి సంవత్సరీకం ముగించుకుని, కూతురు లక్ష్మీప్రియను వెంటబెట్టుకుని మహానందికి వెళ్లేదాకా ఆ నమ్మకానికి బీట పడలేదు. కోనేట్లో మునిగి తడిచీరతో మెట్లెక్కి వస్తున్న ఆమెను చూసి, పూలమ్మే శివజ్యోతి దారం చేతిలో ఉండగానే లేచి నిలబడింది. "నువ్వు సుంకమ్మవ్వ బిడ్డవు గదమ్మా? అచ్చం ఆ గడ్డమే, ఆ నడకే" అంది. సుంకమ్మవ్వ తన పక్కనే కూర్చుని ఏళ్ల తరబడి పూలు కట్టిందనీ, మోకాళ్లు పట్టేశాక తెలిసినవాళ్లెవరో వచ్చి తీసుకుపోయారనీ, కర్నూలు నుంచి రహమతున్నీసా అనే ఆమె అప్పుడప్పుడూ వచ్చి చూసిపోయేదనీ చెప్పింది.

రహమతున్నీసా! కొండరేవులలో వాళ్ల ఇల్లూ తమ ఇల్లూ గోడకు గోడ ఆనుకుని ఉండేవి. ఆ పేరు విన్నాక తిరుపతమ్మ ఇంటికి పోయే బస్సు ఎక్కలేదు. తడిసిన జుట్టు ముడేసుకుని నేరుగా కర్నూలు బస్సే ఎక్కింది.

ఊరు మునిగాక పాతబస్తీలో వాళ్లు పెట్టుకున్న పరుపుల అంగడి వెతుక్కోవడం కష్టం కాలేదు. రహమతున్నీసా భర్త దావూద్ చనిపోయి చాలా కాలమైనా బోర్డు మీద ఆయన పేరే ఉంది. అంగడి చూసుకుంటున్న కొడుకు సర్ఫరాజ్, వచ్చినవాళ్లు కొండరేవులవాళ్లని తెలియగానే చేతిలోని పని వదిలేసి వెనక వసారాలోకి తీసుకుపోయాడు. అక్కడ వెలుతురు బాగా పడేచోట చాప పరుచుకుని, ఎనభై అయిదేళ్ల రహమతున్నీసా చింతపండులో గింజలు తీస్తూ ఉంది. తలెత్తి చూసింది. కళ్లకు అద్దాలు సర్దుకుని ఇంకోసారి చూసింది.

"వచ్చినావా తిరుపతీ" అంది. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. ఊరికి పోయిన మనిషి చెప్పిన పొద్దుకు తిరిగొస్తే పలకరించినట్టు ఉంది. "ఈ పాప నీ కూతురా? రండి, ఈడ కూర్చోండి. ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగుదురు."

"మజ్జిగ వద్దు పెద్దమ్మా" అంది తిరుపతమ్మ నిలబడే. "మా యమ్మ నీళ్లల్లో పోలేదంట. నిజమేనా?"

"నిజమే బిడ్డా. నీళ్లల్లో పోలేదు."

"నీకు ముందునుంచీ తెలుసా?"

"తెలియకుండా ఎట్లుంటాది? మా బండిలో తోలుకపోయింది మేమే గదా."

తిరుపతమ్మ చాప అంచున కూలబడింది. లక్ష్మీప్రియ భుజం మీద చెయ్యి వేయబోతే తీసేసింది. బస్సులో వస్తున్నంతసేపూ ఆమె ఎన్నో మాటలు కూర్చుకుంది. ఇప్పుడు ఒక్కటే నోటికి వచ్చింది.

"మా నాయన ఏం తక్కువ చేసినాడని?"

రహమతున్నీసా చింతపండు చాటను పక్కకు జరిపి, వేళ్లకు అంటిన జిగురు తడిగుడ్డతో తుడుచుకుంది.

"మీ నాయన నిన్ను బాగా సాకినాడు. అది అబద్ధమని నేను యాడా అనను."

"ఒక్క దెబ్బ కొట్టలా నన్ను. పుట్టినప్పటినుంచీ ఒక్క మాట అనలా."

"నిన్ను కొట్టలా" అంది ముసలామె. మళ్లీ అదే మాట, ఇంకాస్త మెల్లగా అంది. "నిన్ను కొట్టలా బిడ్డా."

ముందర అంగడిలో దూది మిషను తిరుగుతున్న హోరు గోడ అవతల నుంచి వినిపిస్తూనే ఉంది.

తిరుపతమ్మకు తండ్రి అంటే శివరాత్రి తిరునాళ్లు. సంగమేశ్వరానికి పోయే ఇసుక దారిలో తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని, కాళ్లు రెండూ గట్టిగా పట్టుకుని, భజన పదం ఎత్తుకుని నడిచే మనిషి. అడగకముందే చక్కెర చిలకలు కొనిపెట్టే మనిషి. భార్య పోయాక మళ్లీ పెళ్లి మాట తలపెట్టనందుకు నలుగురిలో మంచి పేరు తెచ్చుకున్న మనిషి. మంచాన పడ్డాక రెండేళ్లు ఆమె చేతుల మీదుగానే గంజి తాగి, తొంభై దాటి పోయాడు. ఆయన చివరి రోజుల్లో పక్క దులిపేటప్పుడు కూడా ఆమెకు విసుగు రాలేదు.

తల్లి అంటే మాత్రం మూసిన నోరు. చేతులకు ఇత్తడి గాజులు. ఉగాదికి గాజులమ్మే ఆమె వచ్చి వీధి అరుగు మీద గంప దించితే ఆడవాళ్లంతా చుట్టూ మూగేవాళ్లు. సుంకమ్మ మాత్రం కూతురి చేతినిండా వేయించి, తన చేతులు కొంగు కింద దాచుకునేది. "నాకెందుకులే, పగులుతాయి" అనేది. అమ్మ పిసినారి అనుకుంది చిన్నప్పటి తిరుపతమ్మ. పెద్దయ్యాక కూడా అలాగే అనుకుంది. ఇప్పుడు, అరవై అయిదేళ్ల వయసులో, ఇంకొకరి వసారాలో కూర్చుని ఉండగా, ఆ గాజులు ఎలా పగిలేవో మొదటిసారి తట్టింది. తట్టినా దాన్ని ఒప్పుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

"నేను ఆ ఇంట్లోనే ఉన్న్యా గదా పెద్దమ్మా. నా చెవులకు ఎందుకు ఇనపడలా? నా కండ్లకు ఎందుకు కనపడలా?"

"దావూద్ పెదనాయన విల్లు గుర్తుండాదా నీకు?"

గుర్తులేకేం! ఇంటి దూలానికి వేలాడదీసిన దూది ఏకే విల్లు. నరం తాడు మీద కొయ్య సుత్తితో కొడితే టంగు టంగుమని మోగేది. ఆ మోతకు దూది విచ్చుకుని ఇల్లంతా లేచేది. తనూ వాళ్ల కూతురు షాహనా అందులో పడి దొర్లి, జుట్టు తెల్లబడి, అవ్వల్లా నడుములు వంచి నడిచి నవ్వుకునేవాళ్లు. పొద్దు వాలేసరికి అమ్మ "పోయి షాహనాతో ఆడుకోపో" అని పంపేది. చాలాసార్లు ఆ విల్లు చప్పుడుకే అక్కడ నిద్రపోయేది. తన చిన్నతనంలో దానికంటే ఇష్టమైన చప్పుడు ఇంకోటి లేదు. ఆ మాటే చెప్పింది.

"మనూర్లో పత్తి చేతికొచ్చేది ఎప్పుడు బిడ్డా? ఏడాదిలో నాలుగు నెల్లు. తక్కిన దినాల్లో ఆయప్ప ఏం ఏకేటోడు?"

తిరుపతమ్మకు అర్థం కాలేదు. లక్ష్మీప్రియకు ముందు అర్థమైంది. ఆమె చెయ్యి దానంతటదే నోటి మీదికి పోయింది.

"ఏకిన దూదినే మళ్లా ఏకేటోడు" అంది రహమతున్నీసా. "మీ ఇంట్లో అలికిడి అయితే సాలు, తింటాండే పళ్లెం కాడ్నుంచి లేసేటోడు. బిడ్డకు ఇనపడకూడదు అనేటోడు. నువ్వు నిద్రపోయినాక కూడా కొడతానే ఉండేటోడు, మీయింట్లో సద్దు అణిగేదాకా."

"పోయి ఆపొచ్చు గదా!" అంది లక్ష్మీప్రియ ఉండబట్టలేక.

"పోయినాడు పాపా. ఒగసారి పోయి అడ్డం నిలబడినాడు. మీ తాత ఆయప్పను ఒక్క మాట అనలా. మర్యాదగా వాకిలిదాకా వచ్చి సాగనంపినాడు. మర్సటి పొద్దు సుంకమ్మ మంచం మీదనుంచి లేయలా. నీళ్లు కూడా నేనే తాపినా. మీరు మా జోలికి రావద్దక్కా అని నన్ను బతిమాలుకునింది. దాని తర్వాత మాకు చేతనైంది ఆ విల్లు ఒకటే."

తిరుపతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు రాలేదు. చిన్ననాటి ఇష్టమైన చప్పుడు చెవిలో మోగుతూనే ఉంది. దాని కింద ఇంకేదో వినపడుతుందేమోనని భయంగా ఉంది. సర్ఫరాజ్ భార్య మజ్జిగ గ్లాసులు తెచ్చిపెట్టి, వాళ్ల ముఖాలు చూసి మాట్లాడకుండా లోపలికి పోయింది.

"ఊరు ఖాళీ చెయ్యాలని గెట్టిగా చెప్పినాక మీయమ్మ ఒగసారి నీ కాడికి కోడుమూరుకు వచ్చినాది. గుర్తుండాదా?" అని అడిగింది రహమతున్నీసా.

"వచ్చినాది. నువ్వుల ఉండలు తెచ్చినాది. ఈ పాప కడుపులో ఉన్నప్పుడు."

"నీకు చెప్పుకుందామనే వచ్చినాది. పొద్దుగూకులూ నువ్వు మీ నాయన మాటే చెప్పినావంట. కొడుకు పుడితే పుల్లయ్య అని పేరు పెడతానన్న్యావంట. నీ మొగం చూసి నోరు రాలా ఆమెకు. తిరిగొచ్చి నాతో ఏమనిందో తెలుసునా? 'వాళ్ల నాయన మింద ఆ బిడ్డకు ఉండే ప్రేమను నేనెందుకు పాడు చేయాలక్కా' అనింది. అంతే."

ఇక ఊరి చివరి రోజులు. ఆ రోజుల్ని తిరుపతమ్మ చూడలేదు. నిండు చూలాలు కాబట్టి అత్తగారు పంపలేదు. రహమతున్నీసా చెబుతుంటే ఇప్పుడు చూసింది. ఎవరి ఇల్లు వాళ్లే పడగొట్టుకున్నారు. తలుపులూ ద్వారబంధాలూ దూలాలూ ఊడబెరికి బండ్లకెత్తారు. కొన్ని ఇళ్లకు లారీలు వచ్చాయి. కోళ్లు ఎవరివో తెలియకుండా కలిసిపోయాయి. సమాధులకు చివరిసారి మొక్కి రావడానికి ముసలివాళ్లు మిట్టకు పోయి తిరిగి రాకపోతే, పడుచువాళ్లు పోయి చేతులు పట్టి నడిపించుకొచ్చారు. పుల్లయ్య మొదటి విడతగా దూలాలు వేసుకుని కొత్తగా ఇచ్చిన స్థలానికి బండి తోలుకుపోయాడు. తమ్ముడు ఓబుళేశు చిన్నవాడు, తండ్రి వెంటే పోయి దూలాలకు కాపలాగా అక్కడే ఉండిపోయాడు. మేకల్ని, వంటసామాన్లను చూసుకుంటూ సుంకమ్మ ఒక్కతే మిగిలింది.

"మా బండి నిండా దూది, పాత పరుపులు. నేను ఆమెను రమ్మనలా. ఆమె రానా అని అడగలా. వచ్చి పైకెక్కి కూర్చునింది. నేనూ ఆమె పక్కనే కూర్చున్న్యా. దాచిపెట్టింది లేదు, ముసుగేసింది లేదు. నెత్తిన కొంగేసుకోని అందరి నడాన పట్టపగలు పోయినాం. ఎవురూ చూడలా బిడ్డా. ఎవురి కండ్లు వాళ్ల గోడల మింద ఉన్న్యాయి."

పుల్లయ్య తిరిగి వచ్చేసరికి మేకలు కట్టుతాళ్లతో అరుస్తున్నాయి. కొన్నాళ్లకు నీళ్లు వీధిలోకి వచ్చాయి. ఎవరో ఆమె ఏటి ఒడ్డుకు పోతుండగా చూశామన్నారు. ఆ ఒక్క మాట చాలింది.

ఇంతవరకూ బిగపట్టుకున్న కోపం తిరుపతమ్మకు అప్పుడు వచ్చింది. గొంతు పెద్దదైంది.

"నేనేమైపోవాల పెద్దమ్మా? ఏరు కనపడితే బస్సులో కండ్లు మూసుకున్న్యా ఇన్నేండ్లు. ఆమె ఊపిరాడక ఎంత కొట్టుకునిందో అని అన్నం కాడ తలుచుకోని లేసిన దినాలు శానా ఉండాయి. ఊరు మునిగినాక వచ్చిన పుష్కరాలకు ఈ కర్నూలు రేవులోనే నా తమ్మునితో పిండం పెట్టించినా. బతికుండే మనిషికి పిండం పెట్టిస్తిరే!"

"ఆపొద్దు మేము ఆడనే ఉన్న్యాం" అంది రహమతున్నీసా.

తిరుపతమ్మ తలెత్తి ఆమె వైపు చూసింది.

"మిమ్మల్ని చూడాలని మహానందినుంచి వచ్చినాది. జనంలో మీకు శానా దగ్గర్లోనే నిలబడినాం. ఓబుళేశు మీసాలొచ్చి ఎంత పొడుగైనాడో చూసి మురిసిపోయింది. నీ సంకలో ఈ పాప. అయ్యగారు ఆమె పేరు చెప్పి నీళ్లు ఇడవమన్నప్పుడు నా చెయ్యి పట్టుకోని నలిపేసింది. మీ నాయన తడిపంచెతో గట్టు మింద కూర్చోని వలవల ఏడుస్తాండాడు. నాకే మనసు కరిగి, పోదాం పా సుంకమ్మా, మనిషి మారినాడు అన్న్యా. ఆమె కదల్లా. 'ఏడ్సనీలే అక్కా, నాకోసం ఆయప్ప ఏడ్సేది ఇదే మొదులు' అనింది. నువ్వు రేవు దాటి పోయేదాకా నిన్నే చూసింది. నువ్వు ఒగసారి ఎనక్కు తిరిగి చూసినావు గూడా. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకోని."

ఆ మాటకు తిరుపతమ్మ ఏడ్చింది. గట్టిగా, సిగ్గు లేకుండా, చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. రహమతున్నీసా మోకాళ్ల మీద జరుగుతూ వచ్చి ఆమె తలను ఒళ్లోకి లాక్కుంది. "ఏడువు, ఏడువు" అని వీపు నిమురుతూ కూర్చుంది. కూతురు తెచ్చిన నీళ్లతో ముఖం కడుక్కుని, తిరుపతమ్మ చివరికి అడగాల్సింది అడిగింది.

"ఎప్పుడు పోయినాది?"

"ఎవురు?"

"అమ్మ."

ముసలామె ఆమె ముఖంలోకి చూసింది. "నీకు ఏం చెప్పినారో నాకు తెల్దు. సుంకమ్మ పోయిందని ఎవురు చెప్పినారు? రాయచోటిలో షాహనా ఇంట్లో ఉండాది. మోకాళ్లు పట్టేసినాక మా షాహనానే పోయి తెచ్చుకునింది. అవ్వా అవ్వా అని వాళ్ల పిల్లోల్లంతా ఆమె ఎనకే. చెవులు బాగుండాయి, గ్యానం బాగుండాది. నిన్న కూడా నాతో ఫోన్లో మాట్లాడినాది."

లక్ష్మీప్రియ "అమ్మా" అంటూ తల్లి చేయి గట్టిగా పట్టుకుంది. తిరుపతమ్మ నవ్వబోయింది. ముఖం సహకరించలేదు.

"మా నాయన పోయి ఏడాదైంది. అప్పుడైనా కబురు పెట్టకూడదా?"

"పెడదామన్న్యా. ఏడు తిరగనీ అక్కా అనింది. బిడ్డ నాయన పోయిన దుఃఖంలో ఉంటాది, ఆ దినాల్లో నేను పోయి ఆయప్ప తప్పులు చెప్పేది బాగుండదు అనింది. ఏడు తిరిగింది. ఈ వారంలో సర్ఫరాజ్‌ను మీ కాడికి పంపిద్దామనుకుంటాంటి, ఇంతలో నువ్వే వచ్చినావు." ఆమె అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఫోన్ చేసినప్పుడల్లా ఆమె ఒగటే అడుగుతాంటాది నన్ను. నేను యాడ చెప్పగలను? నువ్వు దగ్గరుండి చూసినావు, నువ్వే చెప్పాల. పుల్లయ్య పోయేముందు నా పేరు ఎత్తినాడా అని."

తిరుపతమ్మకు తండ్రి ఆఖరి మాటలు గుర్తొచ్చాయి.

ఎత్తాడు. చివరి వారం రోజులూ ఎత్తుతూనే ఉన్నాడు. చెయ్యెత్తి గోడ వైపు చూపిస్తూ, "అదిగో, దూదేకులోళ్ల బండి మింద పోతాండాది" అన్నాడు. ఎవరు నాయనా అంటే, "సుంకమ్మ" అన్నాడు. "నేను ఖాళీ బండి తోలుకోని ఎదురొస్తాండా. నన్ను చూడలా. పిలిస్తే దిగుతాది. దిగి ఇంటికి వస్తాది. అందుకే పిలవలా." మళ్లీ మళ్లీ అదే. "అందుకే పిలవలా పాపా." ముసలితనం మాటలు, జ్వరం మాటలు అనుకుని ఆమె తడిగుడ్డతో ఆయన నుదురు తుడిచి, "పండుకో నాయనా" అంది. ఆ సంగతి తమ్ముడికి చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముందనుకుంది!

అంటే ఆయనకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే ఊరికి నీళ్ల మాట చెప్పాడు. తెలిసే రేవులో కొడుకు పిండం పెడుతుంటే పక్కన కూర్చుని ఏడ్చాడు.

ఈలోగా రహమతున్నీసా దిండు కింద ఉన్న ఫోను తీసి నంబరు నొక్కనే నొక్కింది. స్పీకరులో షాహనా గొంతు వినపడింది. "షాహనా, చిన్నమ్మకియ్యి" అంది తల్లి. "ఎవురొచ్చినారో చెప్పొద్దు, ఊరికే ఇయ్యి."

కాసేపు గలగల. తర్వాత అవతల ఊపిరి తీసుకుంటున్న చప్పుడు. రహమతున్నీసా ఫోను తిరుపతమ్మ చేతిలో పెట్టింది. "మా..." అన్నది ఒక్కటే బయటికి వచ్చింది.

అవతల ఊపిరి ఆగింది. మళ్లీ మొదలైంది.

"తిరుపతీ?" అంది సుంకమ్మ. అదే గొంతు. "పాపా, నీకూ మోకాళ్ల నొప్పులంట గదా. మెట్లు ఎక్కుతాండావా?"

"ఎక్కుతాండా మా" అంది తిరుపతమ్మ. అంత మామూలు ప్రశ్నకు అంత మామూలు జవాబు ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. రెండు వైపులా ఏడుపే, రెండు వైపులా దాన్ని అణచుకోవడమే. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఒగటి అడుగుతా, అబద్ధం చెప్పొద్దు" అంది సుంకమ్మ చివరికి. "మీ నాయన కడాకు నా పేరు ఎత్తినాడా?"

తిరుపతమ్మ రహమతున్నీసా వైపు చూసింది. కూతురి వైపు చూసింది. వాళ్లిద్దరికీ ఏమీ తెలియదు. తన ఎరుకన ఈ లోకంలో ఆ మాట విన్నది తానొక్కతే. తనంతట తానే బండెక్కి బయటపడ్డానని నమ్మి బతికింది ఈ మనిషి. ఆ నమ్మకం మీదే ఏళ్ల తరబడి పూలు కట్టింది.

ఫోనును స్పీకరులోంచి తీసేసి చెవికి ఆనించుకుంది.

"ఎత్తినాడు మా."

దగ్గరగా, దాదాపు చెవిలోనే, సుంకమ్మ అడిగింది.

"ఏమని?"